బాలయోగి, గంటి మోహనచంద్ర (1951–2002)

న్యాయవాది, తెలుగుదేశం నాయకుడు, 12, 13వ లోక్‌సభల స్పీకరు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు. అప్పటికి ఆయన వయసు 46. అంత చిన్న వయసులో లోక్‌సభ స్పీకరైనవారు అంతకు ముందు లేరు.

1951 అక్టోబరు 1న కోనసీమలో గౌతమి ఒడ్డునున్న ఎదుర్లంకలో పుట్టారు. ఊళ్లో బడి లేక గుత్తెనదీవి వెళ్లి చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పై చదువులు ముగించి కాకినాడలో వకీలుగా పనిచేశారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చినా వదులుకొని మళ్లీ ప్రాక్టీసుకే వచ్చారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడినా అదే ఏడు ముమ్మిడివరం ఉప ఎన్నికలో నెగ్గి రాష్ట్ర ఉన్నత విద్యా మంత్రిగా పనిచేశారు.

1998లో అమలాపురం నుంచే తిరిగి గెలిచి మార్చి 24న స్పీకరయ్యారు. ఆయన నిష్పాక్షికతకు గట్టి పరీక్ష 1999 ఏప్రిల్ 17న ఎదురైంది. వాజపేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానంపై ఓటింగు జరగాలి. రెండు నెలల కిందటే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా అని సభ అట్టుడికింది. తన పార్టీ మద్దతు ప్రభుత్వానికే ఉన్నా, బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. వ్యతిరేకంగా పడిన గమాంగ్ ఓటు ఒక్కటీ లేకపోయి ఉంటే లెక్క సమమై, నిర్ణాయక ఓటు స్పీకరు చేతికే వచ్చేది. పార్టీకన్నా పీఠం మర్యాదను మిన్నగా చూసిన ఉదాత్త నిర్ణయమిది.

1999 అక్టోబరు 22న రెండోసారి స్పీకరుగా ఎన్నికయ్యారు. 2000లో లోక్‌సభకు తొలి నైతిక విలువల సంఘాన్ని నియమించారు. వెల్‌లోకి దూసుకొచ్చి సభను అడ్డుకునేవారిపై తక్షణ సస్పెన్షన్ పడే 374ఎ నిబంధన 2001 డిసెంబరులో ఆయన హయాంలోనే వచ్చింది.

సొంత సీమకు దారులు వేయించడం ఆయన మరో పట్టుదల. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పెరికేసిన కాకినాడ–కోటిపల్లి రైలు మార్గాన్ని తిరిగి వేయించేందుకు పాటుపడ్డారు. 2004లో రైలు నడిచింది. సైకిళ్లు, బస్తాలు పంటు మీదికెక్కించి దాటే ఎదుర్లంక–యానాం రేవులో 2002లో వంతెన తెరిచారు. దానికి ఆయన పేరే పెట్టారు.

2002 మార్చి 3న భీమవరం నుంచి హైదరాబాదు వెళ్తుండగా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టరు చేపల చెరువులో కూలి, పైలట్, అంగరక్షకుడితో పాటు మరణించారు. ఉప ఎన్నికలో భార్య విజయకుమారి అమలాపురం నుంచి గెలిచారు. 2024లో అక్కడి నుంచే కుమారుడు హరీష్ మాధుర్ లోక్‌సభకు ఎన్నికయ్యారు.