తుంటి మారినా తగ్గని నొప్పి



గురజాల స్టేషన్‌లో గుంటూరు ప్యాసింజరు వచ్చి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఆమె చకచకా నడిచింది. పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. కుడికాలు పైకి లేవడం లేదు. వంగి, చీర కుచ్చిళ్లతో సహా తొడను రెండు చేతులా పట్టుకుని, ఎత్తి మెట్టు మీద పెట్టుకుంది. కమ్మీ పట్టుకుని, పళ్లు బిగించి పైకెక్కింది. వెనక నుంచి కొడుకు చెయ్యి పట్టబోయాడు.

"వద్దులేయ్యా. నాకు అలవాటైపోయింది."

ఆమె పేరు రాయడం లేదు. తుంటి మార్పిడి తర్వాత ఇలాంటి నొప్పితో మిగిలిపోయిన వాళ్లు ఎదుర్కొనే పరిస్థితుల్ని ఒకచోట చేర్చి అల్లిన కథనం ఇది. ఇందులోని వైద్యం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఒకప్పుడు మిరప కోతల్లో ఆమెదే ముందు సాలు. తర్వాత తుంటి బంతి అరిగిపోయింది. రాత్రిళ్లు పక్క మీద ఒత్తిగిల్లాలన్నా ప్రాణం పోయేది. కీలు మార్పిడి చేయించుకున్నాక ఆ నొప్పి పూర్తిగా పోయింది. మళ్లీ కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి ప్రభలు చూసొచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కొన్ని నెలలకు కొత్త నొప్పి మొదలైంది, ఈసారి గజ్జల్లో. చదును నేల మీద ఎంతదూరం నడిచినా ఏమీ లేదు. మెట్టు ఎక్కబోతే, ఆటోలోకి కాలు పెట్టబోతే, మంచం మీద పడుకుని కాలు పైకెత్తబోతే చురుక్కుమనేది. ఎక్స్‌రే తీయిస్తే కీలు బాగానే ఉందన్నారు. ఊళ్లో కొందరు ఆపరేషన్ ఫెయిలైందన్నారు. ఇంకొందరు అంతా నీ అనుమానమేనన్నారు. రెండో మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగడం మొదలుపెట్టింది. ఆ బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయనీ, కిడ్నీలు దెబ్బతింటాయనీ ఎవరూ చెప్పలేదు.

గుంటూరులో ఎముకల డాక్టరు ముందుగా అడిగింది పాత ఆపరేషన్ ఫైలు. అందులో అతికించిన స్టిక్కర్ చూశాడు. ఏ కంపెనీ కీలు, ఏ రకం, ఏ సైజు అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. 2010లో జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డీప్యూ తన ఏఎస్ఆర్ తుంటి కీళ్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. లోహం లోహాన్ని రాసుకుని, ఆ రజను చుట్టూ ఉన్న కండను పాడుచేసింది. మన దేశంలోనూ వేలమందికి ఆ కీళ్లు అమర్చారు. నొప్పి అన్న మాటను కొట్టిపారేయకూడదనడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఆమెది ఆ రకం కాదు. డాక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు పైకెత్తమని తన అరచేత్తో కిందికి నొక్కి పట్టాడు. ఆమె కేక పెట్టింది.

వెంటనే కత్తి మాట ఎత్తలేదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించాడు, కీలు దగ్గర చీము పట్టిందేమోనని. కీలు వదులైందేమో, నడుము నుంచి నొప్పి దిగుతోందేమో, హెర్నియా ఉందేమో చూశాడు. ఇవేవీ కావని తేలాక సీటీ స్కాన్ తీయించి, తెర మీద చూపించాడు.

"ఇదిగోనమ్మా, మీకు అమర్చిన కప్పు. దీని ముందు అంచు ఎముకను దాటి కొద్దిగా బయటికి వచ్చింది. తొడను పైకి లేపే ఇలియోసోయాస్ కండ తాలూకు తాడు సరిగ్గా దీని మీదుగా పోతుంది. బావి ఒరకు చేదతాడు రాసుకున్నట్టు, కాలెత్తినప్పుడల్లా రాసుకుంటోంది."

"అయితే నాది అనుమానం కాదన్నమాట," అంది ఆమె. కళ్లనిండా నీళ్లు.

ఇది అంత అరుదైన బాధ కాదు. తుంటి మార్పిడి అయినవాళ్లలో సుమారు 4 శాతం మందికి ఈ తాడు వల్ల నొప్పి వచ్చిందని 2001 నాటి ఒక ఫ్రెంచి అధ్యయనం లెక్కగట్టింది. కప్పు కాస్త పెద్దదైనా, ముందుకు తిరగాల్సినంత తిరగకపోయినా ఇలా జరుగుతుంది.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ తాడు చుట్టూ మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి ఇంజెక్షన్ చేశారు. ఆస్పత్రి మెట్లు చెయ్యి సాయం లేకుండా ఎక్కింది. జబ్బు ఎక్కడుందో ఆ ఒక్క సూదితో రుజువైంది. కొన్ని వారాలకు నొప్పి మళ్లీ తిరిగొచ్చింది. అప్పుడు వచ్చింది ఆపరేషన్ మాట: ఆ తాడును కోసి వదులు చేయడం.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

"నరం కోత్తే కాలు పడిపోదూ? ఇప్పుడు నడుత్తన్నావుగా, చాలదా?" అన్నాడు భర్త.

"నడిచేది నువ్వు కాదుగా," అంది ఆమె. "ఇంకా ఎన్నాళ్లు కాలు చేత్తో ఎత్తి పెట్టుకోవాల?"

మళ్లీ గుంటూరు వెళ్లి, ఈసారి అన్నీ ఆమే అడిగింది. డాక్టరు దాచకుండా చెప్పాడు. కోసేది కాలును కదిలించే నరాన్ని కాదు, కండ తాలూకు తాడును కాబట్టి కాలు పడిపోదు. చిన్న గాట్లతో, కెమెరా సాయంతో చేయొచ్చు. కానీ కూర్చుని తొడ పైకెత్తే బలం తగ్గుతుంది. చాలామందికి నెలల మీద తిరిగొస్తుంది, కొందరికి కొంత లోటు మిగిలిపోతుంది. లోపల లోహపు కీలు ఉంది గనుక ఇన్‌ఫెక్షన్ భయం చిన్నదైనా తేలిగ్గా తీసుకోకూడదు. కప్పు ఎంత బయటికి వచ్చిందన్నది అసలు లెక్క. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 8 మిల్లీమీటర్లలోపు అయితే తాడు కోత బాగా పనిచేసింది. అంతకు మించితే కప్పునే మార్చడం మేలని తేలింది. అది ఇంకా పెద్ద ఆపరేషన్.

ఆమెది 8 లోపే.

"ఆగితే ఏమన్నా ముదురుద్దా డాక్టరు గారూ?"

"చీము లేదు, కీలు గట్టిగా ఉంది. కొన్నాళ్లు ఆగితే నష్టం లేదమ్మా."

ఆమె తేల్చేసింది. మిరప కోతలు అయ్యేదాకా ఫిజియోథెరపీ చేస్తుంది. అప్పటికీ ఇలాగే ఉంటే తాడు కోయించుకుంటుంది. కొడుకు కాదనలేదు, భర్త కూడా తలూపాడు.

కీలు మార్పిడి తర్వాత నొప్పి మిగిలినవాళ్లకు ఒక మాట. ఓర్చుకోవడం గొప్ప కాదు, తొందరపడి మళ్లీ కోయించుకోవడమూ మందు కాదు. స్టిక్కర్ ఉన్న ఆ ఫైలు పారేయకండి. సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు అడగండి: చీము లేదని తేలిందా? కీలు వదులు కాలేదని చూశారా? ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గిందా? కప్పు ఎన్ని మిల్లీమీటర్లు బయటికి వచ్చింది? వీటికి జవాబులు వచ్చాకే సంతకం పెట్టండి.