లాగ్ షీటు నుంచి బ్లాక్ బాక్స్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడగ్గానే నాకు లాగ్ షీటు గుర్తొచ్చింది. మనలో చాలామందికి అన్నం పెట్టింది అదే కదా! ఒక విద్యుత్ కేంద్రంలో గంటగంటకూ వోల్టేజి, లోడు, బేరింగు వేడి చూసి రాసి సంతకం పెట్టడం నా పని. ఒకసారి నైట్ షిఫ్టులో తెల్లవారుజామున బేరింగు కాలి యూనిట్ ఆగిపోయింది. పొద్దున్నే వచ్చిన ఎ.డి.ఇ.గారు షీటు చూసి, "మూడు గంటలపాటు వేడి ఒక్క డిగ్రీ కూడా మారలేదేమయ్యా?" అన్నారు. పన్నెండింటికి చూసిన అంకెనే ఒంటిగంటకూ, రెండింటికీ, మూడింటికీ ఎక్కించినవాణ్ణి నేనే. ఒప్పుకున్నాను. మెమోతో వదిలేశారు.

అప్పటినుంచీ విమానాల బ్లాక్ బాక్స్ సంగతి ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతున్నాను. అది మనిషి చెయ్యి పడని లాగ్ షీటు. పేరుకే నల్లపెట్టె గాని, శిథిలాల్లో తేలిగ్గా కనబడాలని దానికి నారింజ రంగు వేస్తారు.

తొలినాటి రికార్డర్లు ఎత్తు, వేగం, దిశ వంటి నాలుగైదు రీడింగులను లోహపు రేకు మీద సూదితో గీసేవి. మన కంట్రోల్ రూముల్లో గుండ్రటి కాగితం మీద సిరా పెన్నుతో గీత గీసే చార్ట్ రికార్డరు గుర్తుందా? దానికి అన్న అనుకోండి. 1950లలో కామెట్ జెట్ విమానాలు వరసగా కూలినప్పుడు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్‌కు పైలట్ల మాటలు కూడా రికార్డు చేయాలన్న ఆలోచన వచ్చింది. ఆయన తండ్రి 1934లో విమాన ప్రమాదంలోనే పోయారు. మాటలూ రీడింగులూ ఉక్కు తీగ మీద నిలవచేసే యంత్రం చేసి చూపిస్తే, మొదట్లో సొంత దేశంలో పట్టించుకున్నవాళ్ళు లేరు. తీగ తర్వాత టేపు, టేపు తర్వాత మెమరీ చిప్పు వచ్చాయి.

రాయడం ఒక ఎత్తు, రాసినదాన్ని దించుకుని చదవడం ఇంకో ఎత్తు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క అట్లాంటిక్‌లో పడిపోతే, రెండు కిలోమీటర్ల లోతునుంచి రెండు రికార్డర్లనూ జూలైలో పైకి తీశారు. రెండూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చివరి క్షణపు శబ్దాన్ని భాభా అణు పరిశోధన కేంద్రంవారు కూడా పరిశీలించారు. 1996లో చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఢీకొన్నప్పుడు మాత్రం వాటి రికార్డర్లను చదవడానికి మాస్కోకీ, ఇంగ్లండుకీ వెళ్ళవలసి వచ్చింది.

మనకు దగ్గర్లో జరిగినది చెప్పాలంటే 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయింది. మన పల్నాటి పడమటి కొండలు కూడా ఆ నల్లమలవే. మర్నాడు గాని శిథిలాలు దొరకలేదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ విషయంలో ఏదో తేడా కనబడి, పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మాన్యువల్‌లో దాని గురించి వెతుకుతూ ఉండిపోయారని మనకు తెలిసిందంటే వాయిస్ రికార్డరు వల్లనే. ఆ తర్వాత మేఘాల్లో బలమైన గాలి కిందికి తోసెయ్యడంతో హెలికాప్టరు అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది.

2022 ఫిబ్రవరిలో మాచర్ల పక్కన, విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన సెస్నా 152 శిక్షణ విమానం పెద్దవూర దగ్గర కూలి, నేర్చుకుంటున్న అమ్మాయి చనిపోయింది. అంత చిన్న విమానాల్లో బ్లాక్ బాక్స్ ఉండాలన్న నియమం లేదు. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది. నేర్చుకునేవాళ్ళ లాగ్ షీటే కదా మరీ ముఖ్యం?

2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో సుమారు 9 కోట్ల రూపాయలతో రికార్డర్లు చదివే ప్రయోగశాల పెట్టారు. ప్రారంభించినది మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్రమంత్రి రామ్మోహన్ నాయుడుగారు. రెండు నెలలకే, జూన్ 12న, అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయారు. వెనకవైపు రికార్డరు మామూలు పద్ధతిలో చదవడానికి వీల్లేనంతగా దెబ్బతిన్నది. ముందువైపు దాని నుంచి 49 గంటల డేటా, రెండు గంటల మాటలు దించుకోగలిగారు. విమానం లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్చులూ ఒక సెకను తేడాతో ఆగే స్థానంలోకి మారాయని జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, నేను ఆపలేదని రెండో ఆయన అనడం కూడా అందులో ఉన్నాయి. అడిగినది ఎవరో, జవాబు చెప్పినది ఎవరో మాత్రం ఆ నివేదికలో లేదు.