రేపటిదాకా ఊతకర్రలు

ఉంగరం తీసి జేబులో వేసుకోండి. రాయికీ గోడకీ మధ్య చెయ్యి పడితే వేలు దక్కదు.

ఇండియానాపొలిస్‌లో అక్కావాళ్ల ఇల్లు, నవంబరు శనివారం. సోఫాలు గోడవారకు జరిపేశాం. ఫైర్‌ప్లేస్ ముందు పాత దుప్పట్ల మీద పడుకుని ఉంది, దాని పైన షెల్ఫుగా బిగించబోయే రాయి: 6 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. సరిగ్గా ఒక ఘనపుటడుగు. బరువు 65 కిలోలకు అటూ ఇటూ.

వంగి ఒకసారి అరచేత్తో తడమండి. చిన్నచిన్న గరుకులు తగులుతున్నాయి కదూ? గుల్లల ముక్కలవి. ఇండియానా సున్నపురాయి 30 కోట్ల ఏళ్లకు ముందు ఇక్కడున్న లోతులేని సముద్రంలో పేరుకుంది. 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ భవనానికి తొడిగింది ఈ రాయినే. మా బేతంచెర్ల నాపరాయీ సున్నపురాయే గానీ, అందులో ఎంత వెతికినా గవ్వ కనపడదు. గవ్వలు పుట్టకముందు నాటిది మరి! ఆ బండల మీద పాకి పెరిగిన నాకు ఈ గరుకు కొత్త. చేయి తీయబుద్ధి కావడం లేదు.

అక్క మొదట చెక్క పెట్టిద్దామంది. పొయ్యి నోటికి 6 అంగుళాలలోపు చెక్క ఉండకూడదని ఇక్కడి నియమం. రాయికి ఆ బెడద లేదు.

నిన్న ఇటుకగోడలో మూడు ఉక్కు చువ్వలు దించి ఎపాక్సీతో బిగించాం. రాయి వీపున వాటికి సరిపడా మూడు రంధ్రాలు. పొద్దున జిగురు లేకుండా తొడిగి చూస్తే మధ్యది పట్టేసింది. బావ ఆ రంధ్రాన్ని ఒక నూలు పెంచాడు. అంచులకు టేపు కూడా అంటించాం. సున్నపురాయి జిగురు తాగిందంటే మరక పోదు.

ఇప్పుడు రంధ్రాల నిండా ఎపాక్సీ. మీరు మధ్యలో పట్టండి. మోకాళ్లు వంచండి, నడుము కాదు.

"ఊఁ, లేపు!"

రాయి లేచింది. ఎవరూ ఊపిరి వదలడం లేదు. చువ్వల కొనలు రంధ్రాల అంచులకు తగిలి గరగరమన్నాయి.

"బామ్మర్దీ, నీ వైపు వెంట్రుకంత ఎత్తు... చాలు, తొయ్యి!"

దూరింది. గోడవారన జిగురు సన్నగా పిసుక్కుని బయటికొచ్చింది. కింద ఊతకర్రలు నిలబెట్టి రసమట్టం పెట్టాం. బుడగ ఎడమకు జారింది. బావ కుడివైపు ఊతకర్ర కింద పలచటి చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఇంకొకటి, మెల్లగా. బుడగ రెండు గీతల మధ్య నిలిచింది.

టేపు లాగేయండి, జిగురు గట్టిపడకముందే.

అక్క టీ గ్లాసులతో వచ్చింది. ఒకటి రాయి మీద పెట్టబోయి ఆగింది.

"పెట్టొచ్చా?"

"రేపటిదాకా ఆగక్కా."