ఎం.బి.ఎ. సీటు నుంచి సర్టిఫికెట్ దాకా: దళిత విద్యార్థి హక్కు ఏ బల్ల దగ్గర ఆగిపోతోంది?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు పేరు చాలాకాలం చేపల వేటతో, చుట్టుపక్కల ఉప్పు మడులతో ముడిపడి ఉంది. ఇప్పుడు అది పోర్టుతో కూడా వినిపిస్తోంది. మొదట భావనపాడు పోర్టు అని పిలిచి, తర్వాత మూలపేట పోర్టుగా పేరు మార్చిన ప్రాజెక్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే గేటు బయట కూలి పని దొరుకుతుందని అందరూ చెబుతారు. మరి గేటు లోపల లెక్కలు, సరుకు రవాణా, సిబ్బంది వ్యవహారాలు చూసే ఉద్యోగాలు ఎవరికి? వాటికి అడిగే చదువుల్లో ఎం.బి.ఎ. ముందుంటుంది. అందుకే ఆ కోర్సు నిబంధనలను యూనివర్సిటీ కాలేజీ ఆఫీసులో ఎలా అమలు చేస్తున్నారన్నది మన వాడలకు సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా ఉన్న ఆ ప్రాంగణం 2008లో సొంత విశ్వవిద్యాలయమైంది. అక్కడ ఎం.బి.ఎ. ఉంది. జిల్లాలోని ప్రైవేటు కళాశాలల్లోనూ ఉంది. కాగితం మీద నిబంధనలు చాలావరకు మనకు అనుకూలమే. నష్టం జరిగేది దరఖాస్తు నింపే చోట, కోటా గడిలో టిక్కు పెట్టే చోట, హాజరు పట్టీ దగ్గర, సర్టిఫికెట్ ఇచ్చే కౌంటర్ దగ్గర. వాటిని వరుసగా చూద్దాం.

అర్హత, ప్రవేశ పరీక్ష

ఎం.బి.ఎ. ప్రవేశాలకు ఉన్నత విద్యా మండలి తరఫున ఏపీ ఐసెట్ జరుగుతుంది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటల సమయం. డిగ్రీలో ఓపెన్ విద్యార్థికి 50 శాతం కావాలి, రిజర్వుడు విద్యార్థికి 45 శాతం చాలు. ఐసెట్‌లో ఇతరులకు 50 మార్కులు అర్హత గీత. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు, ర్యాంకు వస్తే కౌన్సెలింగ్‌కు వెళ్లవచ్చు. ఈ సంగతి తెలియక పేపరు సరిగా రాయలేదని కౌన్సెలింగ్ మానేసి సీటు పోగొట్టుకోకూడదు.

స్థానికత ఇంకో చిక్కు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానిక ప్రాంతం వారివి. శ్రీకాకుళం, విజయనగరం ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. డిగ్రీతో ముగిసే వరుస నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివి ఉంటే స్థానికులే. మన జిల్లాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పనుల కోసం చెన్నైకి, హైదరాబాద్‌కు వలస వెళ్తాయి, పిల్లల చదువు మధ్యలో తెగుతుంది. సరిహద్దు దగ్గరే కదా అని ఒడిశాలోని బరంపురంలోనో, పర్లాఖెముండిలోనో డిగ్రీ చేసినవారూ ఉన్నారు. వీరంతా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ముందే పోగుచేసి, తాము ఏ నిబంధన కింద స్థానికులవుతారో కౌన్సెలింగ్‌కు ముందే తేల్చుకోవాలి.

పదిహేను శాతం లెక్క

రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం సీట్లు. ప్రతి విభాగంలోనూ మహిళలకు మూడో వంతు. క్రైస్తవంలోకి మారిన దళితులను రాష్ట్రం బీసీ-సి గా గుర్తించి 1 శాతం ఇస్తోంది. ఓపెన్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న ఎస్సీ విద్యార్థిని ఓపెన్‌లోనే లెక్కించాలి, ఎస్సీ కోటా నుంచి కోయకూడదు. 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు ఆ సూత్రాన్ని స్పష్టం చేసింది.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు వీలు కల్పించిన తర్వాత, 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 6.5, మూడో గ్రూపుకు 7.5 శాతం. ఉత్తరాంధ్రకు ఇది దూరపు వార్త కాదు. రెల్లి, పైడి, దండాసి, బవురి, మెహతర్ లాంటి ఇక్కడి కులాలు మొదటి గ్రూపులోనివి.

ఇప్పుడు లెక్క వేయండి. 60 సీట్ల ఎం.బి.ఎ. తరగతిని పూర్తిగా కన్వీనరే నింపితే ఎస్సీలకు 9 సీట్లు. అందులో మొదటి గ్రూపు వాటా 0.6. ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42 సీట్లు. ఎస్సీ వాటా 6.3, మొదటి గ్రూపు వాటా 0.42. అర సీటులో ఎవరూ కూర్చోలేరు. ఆ భాగాన్ని ఏ రోస్టరు పాయింటు దగ్గర పూర్తి సీటుగా మారుస్తున్నారు, ఏ ఏడాదిలో, ఏ కళాశాలలో? వర్గీకరణ ఫలితం రెల్లి వీధి దాకా వచ్చిందా లేదా అన్నది ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి తెలుస్తుంది. విద్యార్థి సంఘాలు రోస్టరు రిజిస్టరు చూపమని రాతపూర్వకంగా అడగాలి.

ఒక్క టిక్కుతో పోయే ఫీజు

ప్రైవేటు కళాశాలల్లో మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ సీట్లు మిగిలిపోతే చివర్లో స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, స్పాట్‌లో చేరినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "ఎలాగూ ఎస్సీవే కదా, ఫీజు గవర్నమెంటే కడుతుంది" అని నోటిమాటగా చెప్పి చేర్చుకుంటే, ఏడాది తిరిగేసరికి మొత్తం ఫీజు విద్యార్థి నెత్తిన పడుతుంది. చేరే రోజే అలాట్‌మెంట్ ఆర్డరులో కన్వీనర్ కోటా అని ఉందో లేదో చూసుకోవాలి.

ఇంతకంటే పెద్ద దెబ్బ 2020 చివర్లో వచ్చిన జీవో 77. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపి, విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కళాశాలలకే దాన్ని పరిమితం చేసింది. విద్యార్థి సంఘాలు అప్పటి నుంచీ దాని రద్దుకు పోరాడుతూ వచ్చాయి. ఎచ్చెర్లలో సీటు వచ్చిన అమ్మాయికీ, టెక్కలి దగ్గర ప్రైవేటు కళాశాలలో అదే కోటాలో సీటు వచ్చిన అమ్మాయికీ మధ్య ఆ జీవో గోడ కట్టింది. ప్రభుత్వ సీట్లు కొన్నే ఉన్నచోట ఆ గోడ అవతల మిగిలేది ఎక్కువగా దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలే. చేరే ఏడాదికి వర్తించే ఉత్తర్వు కాపీని కళాశాల నుంచి అడిగి తీసుకోవాలి.

ఈ వాదనలో మన చేతిలో గట్టి ఆధారం ఉంది. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి నడుస్తోంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని సవరించి, ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించేలా చేసింది. కుటుంబ వార్షికాదాయ పరిమితి రూ.2.5 లక్షలు. ఎం.బి.ఎ. లాంటి పీజీ వృత్తి కోర్సులు అందులో మొదటి గ్రూపులో ఉన్నాయి. ఫీజు కాక విద్యా భత్యంగా హాస్టల్‌లో ఉండేవారికి ఏడాదికి రూ.13,500, ఇంటి నుంచి వచ్చేవారికి రూ.7,000. చేరేటప్పుడే ఫీజు కట్టమని ఒత్తిడి లేకుండా ఫ్రీషిప్ కార్డు ఏర్పాటు కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. గుర్తింపు ఉన్న ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ సీటు పొందిన దళిత విద్యార్థిని రాష్ట్రం ఏ కారణంతో పక్కన పెడుతుందో అడిగే హక్కు మనకుంది.

హాజరు, మార్కులు, గౌరవం

స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. సంతబొమ్మాళి నుంచి రెండు బస్సులు మారి వచ్చే విద్యార్థికీ, క్యాంపస్ హాస్టల్లో ఉండే విద్యార్థికీ ఆ అంకె ఒకటే. అందువల్ల ఎం.బి.ఎ. సీటుతో పాటే హాస్టల్ సీటుకూ దరఖాస్తు పెట్టాలి. హాజరు ఎంత ఉందో సెమిస్టరు చివరిదాకా ఆగకుండా నెలనెలా తెలుసుకోవాలి.

ఎం.బి.ఎ.లో ఇంటర్నల్ మార్కులు, ప్రాజెక్టు, వైవా ఉంటాయి. పేరు, ఊరు, కులం తెలిసిన మనిషే మార్కులు వేసే చోట ఇది. జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో తీర్పునిచ్చింది. వివక్ష ఎదురైతే, యూజీసీ 2012 నిబంధనల ప్రకారం సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఆ అధికారి ఎవరో నోటీసు బోర్డు మీద లేకపోతే ప్రిన్సిపాల్‌కు ఇచ్చే మొదటి అర్జీ దాని గురించే కావాలి.

కామర్స్ చదువుల గదిలో కులం కొత్త సంగతి కాదు. కొలంబియాలో చదివి వచ్చిన అంబేద్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కళాశాలలో ఆచార్యుడిగా చేరారు. ఆయన తమ కుండలో నీళ్లు తాగడానికి వీల్లేదని తోటి అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. ఎచ్చెర్ల ప్రాంగణం మీద ఉన్నది ఆ మనిషి పేరే.

చివరి కౌంటర్

కోర్సు అయ్యాక రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడం రాష్ట్రమంతటా ఉన్న సమస్య. ప్రభుత్వం కళాశాలకు పడిన బాకీకి విద్యార్థి కాగితాలు తాకట్టు కావు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ఫీజు కూడా రాష్ట్ర ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ నిర్ణయం మేరకు ప్రభుత్వం ప్రకటించిన దానికి మించి వసూలు చేయకూడదు.

చేయవలసినవి

ఐసెట్ నోటిఫికేషన్ రాకముందే తహసీల్దారు ఇచ్చే కుల, ఆదాయ ధ్రువపత్రాలు గ్రామ సచివాలయం ద్వారా తీసుకోవాలి. కుల పత్రంలో ఉపకులం పేరు సరిగా ఉందో చూడాలి, గ్రూపు దాన్నిబట్టే తేలుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం చేయించాలి. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి. కళాశాల "రాదు", "కుదరదు" అంటే అదే మాట రాసివ్వమని అడగాలి. రాసివ్వకపోతే రూ.10 రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ తర్వాత జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి, రాష్ట్ర ఎస్సీ కమిషన్, జాతీయ ఎస్సీ కమిషన్ ఉన్నాయి.

ఇవన్నీ ఒక్క విద్యార్థి తలకెత్తుకునే పనులు కావు. ఊరికి ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు కూర్చుని, ఈ ఏడాది డిగ్రీ ముగించే పిల్లల జాబితా రాసి, ఒక్కొక్కరి కాగితాలు సరిచూస్తే, కౌన్సెలింగ్ రోజున పోయే సీట్లలో చాలావాటిని ముందే కాపాడుకోవచ్చు.