1936 ఇంగ్లండు యాత్రా పరాజయము — అందలి తెలుగువారు

చెన్నపట్టణమందలి ఆంధ్రుల చరిత్రను వ్రాసినవారు దుబాసీలను, వర్తకులను, పండితులను పేర్కొనినంతగా క్రీడాకారులను పేర్కొనలేదు. కాని దక్షిణదేశమున భారతీయుల క్రికెట్టుకు పునాది వేసినవాడు ఒక తెలుగువాడు. ఆయన మోతవరపు వేంకటమహీపతి నాయుడు. బుచ్చిబాబు నాయుడను పేర ప్రసిద్ధుడు. ఆ కాలమున చేపాకమందలి మద్రాసు క్రికెట్ క్లబ్బు యూరోపియనులది. భారతీయులకు అందు సభ్యత్వము లేదు. బుచ్చిబాబు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పి, తన ధనముతో యువకులకు బ్యాట్లు, బంతులు సమకూర్చి ఆట నేర్పించెను. ఇరుజాతుల నడుమ ప్రెసిడెన్సీ మ్యాచి జరుగవలెనని ప్రయత్నించి, అది జరుగక పూర్వమే 1908లో కాలధర్మము నొందెను. మాతామహుని ఇంటికి దత్తుడై కోట రామస్వామి అయినవాడు ఆయన కుమారుడే.

1936లో ఇంగ్లండునకు పోయిన భారత జట్టులో ఈ రామస్వామి ఒకడు. అందు తెలుగువారు మరి ముగ్గురుండిరి: నాయకుడైన విజయనగర మహారాజకుమారుడు, పూర్వ నాయకుడైన సి. కె. నాయుడు, ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడు. విజయ్ మర్చంటు, ముస్తాక్ ఆలీ, అమరనాథ్, అమర్ సింగ్, నిస్సార్ వంటి మేటి ఆటగాండ్రు గల ఆ జట్టు బలహీనమైనది కాదు. అయినను ప్రథమశ్రేణి మ్యాచులలో నాలుగింట మాత్రమే గెలిచి, పండ్రెండింట ఓడెను. మూడు టెస్టులలో రెండు ఓటమి, ఒకటి సమానము.

దీనికి హేతువు నాయకుని ఎంపికలోనే కలదు. నాడు క్రికెట్టు బోర్డునకు ధనబలము తక్కువ. సంస్థానాధీశుల పోషణయే ఆధారము. ‘విజ్జీ’ అని పేరొందిన మహారాజకుమారుడు 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ అను ఆంగ్ల మహాక్రీడాకారులను భారతదేశమునకు రప్పించి ఆడించిన ఉదారుడు. ఆ ఔదార్యమే ఆయనకు నాయకత్వమును తెచ్చిపెట్టెను. 1932లో పోరుబందరు మహారాజు నాయకుడై వెళ్లియు, తన ఆట యెంతటిదో తానెరిగినవాడగుటచే, లార్డ్స్ మైదానమున జరిగిన తొలి టెస్టునకు సి. కె. నాయుడునకు స్థానమిచ్చి తప్పుకొనెను. విజ్జీ అట్లు తప్పుకొనలేదు. మూడు టెస్టులు ఆడి ఆయన చేసిన పరుగులు మొత్తము 33.

జట్టులో కక్షలు ప్రబలెను. ఎసెక్సుపై రెండు ఇన్నింగ్సులలోను శతకములు చేసిన అమరనాథ్, తొలి టెస్టునకు ముందొక మ్యాచిలో ఆటకు సిద్ధమై కూర్చుండియుండగా, ఇతరులను ముందు పంపిరి. ఆయన కోపముతో పలికిన మాటలకు శిక్షగా నాయకుడును, మేనేజరు బ్రిటన్ జోన్సును ఆయనను స్వదేశమునకు త్రిప్పి పంపిరి. లార్డ్స్ టెస్టులో అమర్ సింగ్ 35 పరుగులకు 6 వికెట్లు తీయగా, తొలి ఇన్నింగ్సులో ఇంగ్లండు 134 పరుగులకే కూలి, భారతమునకు 13 పరుగుల ఆధిక్యము దక్కెను. కాని రెండవ ఇన్నింగ్సు 93తో ముగిసి, తొమ్మిది వికెట్ల ఓటమి ప్రాప్తించెను.

మాంచెస్టరులో రామస్వామికి తొలి అవకాశము లభించెను. అప్పటికాయన వయస్సు 40 ఏండ్లు దాటినది. 1922లోనే డేవిస్ కప్పు టెన్నిసులో భారతదేశము తరఫున ఆడినవాడాయన. జట్టు 368 పరుగులు వెనుకబడియుండగా మర్చంటు, ముస్తాక్ ఆలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు జోడించిరి. ఇరువురును శతకములు సాధించిరి. రామస్వామి ఆ మ్యాచిలో 40, 60 పరుగులు చేసెను. ఆట సమానముగా ముగిసెను. ఓవల్ టెస్టులో ఆయన 29, అజేయముగా 41 చేసెను. గాబీ ఆలెన్ బంతి దేహమునకు బలముగా తగిలినను వెనుదీయక సి. కె. నాయుడు 81 పరుగులు చేసెను. అయినను భారతము మరల తొమ్మిది వికెట్లతో ఓడెను.

ఆ ఓవల్ టెస్టు ఆరంభమైన ఆగస్టు 15ననే బెర్లినులో భారత హాకీ జట్టు జర్మనీని 8–1తో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. రెండు క్రీడలలోను నేర్పరియైన మద్రాసు ఆటగాడు ఎం. జె. గోపాలన్ హాకీని వదలి క్రికెట్టు యాత్రనే ఎంచుకొనియుండెను. ఆ యాత్రలో ఆయనకు ఒక్క టెస్టులోను స్థానము దొరకలేదు. ఆ ఏటి పరాజయము మద్రాసునకు కలిగించిన నష్టము ఇంతటిది.

పిమ్మట బొంబాయి ప్రధాన న్యాయాధిపతి సర్ జాన్ బోమంటు అధ్యక్షతన విచారణ జరిగి, 1937 జనవరిలో నివేదిక వెలువడెను. విజ్జీ నాయకత్వము అనర్థదాయకమైనదని అది తేల్చెను. అయినను ఆయనను కేవలము పరిహాసపాత్రునిగా చిత్రించుట న్యాయము కాదు. బోర్డు అధ్యక్షుడై, రేడియో వ్యాఖ్యాతయై, విశాఖపట్టణ ప్రతినిధిగా లోక్‌సభ సభ్యుడై ఆయన 1965లో మరణించెను. ఆయన క్రికెట్టు ప్రేమ బూటకము కాదు. ఆ ప్రేమకు ప్రతిఫలముగా కోరిన పదవియే తగనిది.

రామస్వామి టెస్టు చరిత్ర ఆ రెండు మ్యాచులతోనే ముగిసెను. మొత్తము 170 పరుగులు, సగటు 56.66. వృద్ధాప్యమున, 1985 అక్టోబరులో, ఆయన మద్రాసులోని తన ఇల్లు విడిచి వెళ్లి మరల కానరాలేదు.

బుచ్చిబాబు, విజ్జీ ఇరువురును ధనవంతులైన తెలుగువారే. ఇరువురును ఆటకై విరివిగా వ్యయము చేసినవారే. ఒకరి ధనము ఆడలేని స్థితిలోనున్న వారికి ఆటస్థలమును కల్పించెను. మరియొకరి ధనము ఆడగలవారికి పైన తనకొక ఆసనమును కల్పించుకొనెను. తెలుగువారు సి. కె. నాయుడు సిక్సర్లను తలచుకొని గర్వించుట సహజము. 1936 ఓటమియు తమదేయని గ్రహించినప్పుడే ఆ చరిత్ర సంపూర్ణమగును.