సైన్స్ ఫిక్షన్‌లో యంత్రం గొంతు

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో మాట్లాడే యంత్రానికి చాలాసార్లు ముఖం ఉండదు. దాని తెలివి, స్వభావం, మనసులోని మాట, అన్నీ గొంతులోనే తెలియాలి. అందుకే ఈ పాత్రల చరిత్ర చాలావరకు గొంతుల చరిత్రే.

తెర బయట నిజంగానే యంత్రాలు మాట్లాడాయి. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హోమర్ డడ్లీ తయారుచేసిన 'వోడర్' అనే యంత్రం 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందు మాట్లాడింది. శిక్షణ పొందిన యువతులు చేతులతో మీటలు నొక్కుతూ, కాలితో పెడల్ తొక్కుతూ దాన్ని పలికించేవారు. 1961లో అదే సంస్థలో జాన్ కెల్లీ, కేరొల్ లాక్‌బామ్ ఓ ఐబీఎం కంప్యూటర్ చేత 'డైసీ బెల్' అనే పాత పాట పాడించారు. ఆ పాట విన్నవారిలో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఒకరు.

తెరమీద మొదట్లో యంత్రమంటే చాలావరకు కరకు గొంతే. 1963లో బీబీసీ 'డాక్టర్ హూ' ధారావాహికలో డాలెక్‌లనే పాత్రల కోసం నటుల మాటల్ని రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం గుండా పంపి గరగరలాడించారు.

స్టాన్లీ కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) ఈ పద్ధతిని తలకిందులు చేసింది. అంతరిక్ష నౌకను నడిపే హాల్ 9000 కంప్యూటర్‌కు మొదట మార్టిన్ బాల్సమ్ చెప్పిన డబ్బింగ్‌ మాటతీరు మరీ అమెరికన్‌గా ఉందని కుబ్రిక్ పక్కన పెట్టాడు. వ్యాఖ్యానం చెప్పడానికి తీసుకున్న కెనడా రంగస్థల నటుడు డగ్లస్ రెయిన్‌కు ఆ పని అప్పగించాడు. వ్యాఖ్యానాన్నే సినిమా నుంచి తీసేశాడు. రెయిన్ గొంతు ఎక్కడా పెరగదు. సిబ్బంది ప్రాణాలు తీస్తున్నప్పుడు కూడా హాల్ మాటలో మర్యాద తగ్గదు, భయమంతా అందులోనే ఉంది. జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా ఊడదీస్తుంటే అది 'డైసీ బెల్' పాడుతుంది. శ్రుతి దిగజారుతూ, మాట సాగిపోతూ ఆగిపోతుంది. ఈ సినిమా కథను కుబ్రిక్‌తో కలిసి రాసిన క్లార్క్ విన్న పాట అలా కథలోకి వచ్చింది. యంత్రం చనిపోతుంటే ప్రేక్షకుడు జాలిపడడం సినిమా చరిత్రలో అరుదైన ఘట్టం, అది సాధించింది ఒక్క గొంతు.

స్పైక్ జోన్జ్ 'హర్' (2013)లో ఆపరేటింగ్ సిస్టమ్ గొంతే కథానాయిక. చిత్రీకరణలో సమాంతా మోర్టన్ పలికిన పాత్రకు ఎడిటింగ్ దశలో స్కార్లెట్ జొహాన్సన్ చేత మళ్లీ చెప్పించారు.

డబ్బింగ్ సినిమాలో యంత్రానికి భాషతోపాటు గొంతూ మారుతుంది. శంకర్ తమిళ చిత్రం తెలుగులో 'రోబో' (2010)గా వచ్చినప్పుడు, రజనీకాంత్ పోషించిన రోబో చిట్టి మనకు గాయకుడు మనో గొంతుతో మాట్లాడింది. నేరుగా తెలుగులో వచ్చిన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024)లో కథానాయకుడు భైరవ నడిపే మాట్లాడే వాహనం బుజ్జికి కీర్తి సురేశ్ గొంతునిచ్చారు. బుజ్జి యజమానితో వాదిస్తుంది, ఆటపట్టిస్తుంది. హాల్‌లోని చల్లని మర్యాద దానికి లేదు.