జోడా పైసలు, కఫన్ పైసలు

సాయిబు చేతిలో పైసా నిలవదంటారు. పొద్దున సంపాదించింది రాత్రికి బిర్యానీ అంటారు. అన్నవాళ్లు మా చరిత్ర చదవలేదు. మేం రాయనూ లేదు.

పొదుపంటే వడ్డీయే అనుకునే లోకానికి, సూద్ హరామ్ అనుకునేవాడి పొదుపు కంటికి ఆనదు. 1948కి ముందే హైదరాబాద్‌లో వడ్డీలేని అప్పుల సంఘాలు నడిచాయి. నెలనెలా వాటా కట్టాలి. అవసరం పడ్డవాడు జామీను చూపి తీసుకోవాలి. అసలు మాత్రం వాయిదాల్లో తీర్చాలి. ఉస్మానియాలో పాఠాలు చెప్పిన డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా (1908-2002) వీటి గురించి రాశాడు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు చప్పట్లు కొట్టినవాళ్లు ఈ ముచ్చటే ఎత్తరు.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949లో జాగీర్ల రద్దు. జాగీర్దారు సంగతి వదిలేయండి, వాడికి పరిహారమన్నా దక్కింది. వాడి దేవిడీ దర్వాజా కాసినవాడికి, వంట చేసినామెకు ఏం దక్కింది? బీరువాలో జేవర్, అటక మీది రాగి డేగిసాలు. అవే మా బ్యాంకు. అవే ముందు పోయినయ్.

మూసాపేట పక్కన సనత్‌నగర్ ఆల్విన్ చూడండి. 1942లో నిజాం సర్కారు పారిశ్రామిక ట్రస్టు నిధి, అలాద్దీన్ కంపెనీ కలిసి పెట్టినది. నెలజీతం, పీఎఫ్ అనే మాటలు ఇలాంటి ఫ్యాక్టరీల నుంచే బస్తీ ఇళ్లల్లోకొచ్చాయి. 1990లలో ఆల్విన్ వోల్టాస్‌లో కలిసింది. నెలజీతం మీద కట్టుకున్న లెక్కలు తప్పాయి.

ఆడవాళ్ల లెక్క మాత్రం ఆగలేదు. పిల్లోడి ఈదీ గుల్లక్‌లోకి. బిడ్డ పుట్టగానే అమ్మ బీసీలో పేరు రాయిస్తుంది, జోడా పైసల కోసం. మగాడు మెహర్ ఇవ్వాలన్నది మజహబ్. మహల్లాలో నడిచేది జోడా. 2014లో 51,000తో మొదలైన షాదీ ముబారక్ 2018లో 1,00,116 అయింది. జోడా తగ్గిందా? ఇక ముసలమ్మ తన కఫన్ పైసలు పాన్‌దాన్ అడుగున దాచుకుంటుంది. బిడ్డల మీద ఆ భారం కూడా వేయదు.

మూసాపేట పేరులో మూసా ఉన్నాడు. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువున్న ప్రాంతాలను అప్పివ్వకూడని 'నెగెటివ్ జోన్లు'గా గుర్తు పెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీ రాసింది. సూద్ వద్దన్నందుకు మేం బ్యాంకుకు దూరమైతే, సూద్ కడతామన్నా బ్యాంకు మాకు దూరం!

2017 నవంబర్‌లో మూసాపేటకు మెట్రో వచ్చింది. అదే ఏడాది రిజర్వ్ బ్యాంకు ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను పక్కన పెట్టేసింది. మెట్రో స్తంభాల కింద బండి పెట్టిన మావాడు గిరిగిరివాడికి రోజువారీ సూద్ కడుతున్నాడు.